వీణ మీద మొసలి

మొన్న ఆదివారం నిండు సభలో నా పరువు ఒక మొసలి నోట్లో పడింది. నవ్వకండి! టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మా మరిది ఓడలో పనిచేస్తాడు కదా, పోయిన సెలవులకి వచ్చినప్పుడు సింగపూర్ నుంచి మా స్వప్నకి వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలించుకుని ఆడేది. అందులో ఓ గళ్ళచొక్కావాడు పరిగెడతాడు, గెంతుతాడు, చస్తాడు, మళ్ళీ లేస్తాడు. ఒక్కో లెవెల్‌కి ఒక్కో పాట. "ఏవిటోయ్, పాటలు ఇంత బాగున్నాయి?" అంటే మరిది నవ్వాడు.

"అవన్నీ రెండొందల ఏళ్ళ నాటి దొరల సంగీతం వదినా. కట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు, ఇప్పుడు అడిగేవాడు లేడు. ఈ గేముల వాళ్ళు ఎత్తుకొచ్చి టుంయ్ టుంయ్‌మని మోగిస్తున్నారు."

ఇంక మా స్వప్న పుస్తకం ముట్టుకుంటే ఒట్టు! ఏడో క్లాసు పరీక్షలా, నెత్తిమీద కూర్చున్నాయి. గేమ్ పీకేసి బీరువాలో పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకున్నా.

"మమ్మీ, ప్లీజ్! ఏక్ బార్!"

"నహీ! పరీక్షలయ్యేదాకా దాని ఊసెత్తావంటే ఊరుకోను."

అంతవరకూ బాగానే ఉంది. ఓ మధ్యాహ్నం వీణ సాధన అయ్యాక, బీరువాలో చీరలు సర్దుతుంటే అది కంటపడింది. ఒక్కసారి పాట విందాం అనుకున్నా. పాట కోసమే సుమండీ! కానీ పాట వినాలంటే ఆడాలి. ఆడితే చస్తాం. చస్తే పంతం పుడుతుంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఐదో లెవెల్‌కి వెళ్ళిపోయా! అక్కడో వంతెన, కింద మొసలి. పాట మాంచి పాకాన పడే చోట అది మావాణ్ణి పట్టేస్తుంది. పైనుంచి కిందికి "టుయ్య్య్" మని జారే శబ్దం, మళ్ళీ మొదలు. ఎన్నిసార్లు ఆడినా అంతే, ఆ దిక్కుమాలిన మొసలి దాటనివ్వదు.

ఓ సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వస్తూనే టీవీ మీద చెయ్యి వేశారు. "ఇదేవిటే, ఇంత వేడిగా ఉంది? ఈ వేళప్పుడు ప్రోగ్రాములేవీ రావుగా!"

"వోల్టేజీ అండీ" అన్నా. ఆయనది అకౌంట్స్ కాబట్టి నమ్మేశారు, పాపం.

ఇక ఆదివారం సంగతి. ధౌలా కువాన్ దగ్గర హాల్లో మన ఢిల్లీ తెలుగువాళ్ళ సభ. ఇన్నేళ్ళూ పాడేవాళ్ళ వెనక కూర్చుని తంబురా మీటడమే నా పని. ఈసారి శాస్త్రిగారు నాకు విడిగా కాసేపు ఇచ్చారు. ఆయనేగా సంగీతం సెక్రటరీ. ఒక్క అపస్వరం పడితే చాలు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆయన కళ్ళజోడు తీస్తే ఇక వాళ్ళకి స్టేజీ లేనట్టే! "బాగుంటే ఉగాదికి పూర్తి కచేరీ నీదేనమ్మా. లేకపోతే ఏమీ అనుకోకు" అన్నారు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగితేనా!

శంకరాభరణ రాగం ఎత్తుకున్నా. అదే కొంప ముంచింది. ఆ దొరల పాట స్వరాలూ అవే మరి! ఆలాపన బాగానే సాగింది. స్వరకల్పనకి వచ్చేసరికి తలెత్తి చూశా. ముందు వరసలో శాస్త్రిగారు. ఆయన చెయ్యి మెల్లిగా కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

అనుకున్నవన్నీ మర్చిపోయా. బుర్ర ఆగింది గానీ వేళ్ళు ఆగలేదు. వాటంతటవే గెంతుతున్నాయి. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా. అయ్యో, ఐదో లెవెల్! మృదంగం మూర్తిగారు బిత్తరపోయి నన్ను చూసి, బ్యాండుమేళం నడకలో అందుకున్నారు. ఆపుదామంటే ఎక్కడ ఆపను? నాకు ఆ పాట ఆగేది ఒక్క చోటే. అక్కడికి రాగానే నా వేలు తీగ మీద పైనుంచి కిందికి "టుయ్య్య్"!

మా ఇంట్లో ఆడివెళ్ళిన కాలనీ పిల్లలందరూ హాల్లోనే ఉన్నారు. ఒక్క గొంతుతో "మర్ గయా!" అని అరిచారు.

నేనూ అదే అనుకున్నా, చచ్చానని. సిగ్గుతో తల ఎత్తలేదు. ఇంతలో శాస్త్రిగారు లేచారు.

"భేష్! నొట్టుస్వరం! దొరల బ్యాండు బాణీల్ని మన పెద్దవాళ్ళు ఇలాగే మన సంగీతంలోకి తెచ్చారు. ఈ రోజుల్లో వాయించేవాళ్ళేరీ? ఆఖర్న ఆ జారు చూశారా! కానీ సగంలో ఆపేశావేం తల్లీ? ఉగాదికి మొత్తం వినిపించాలి."

మొత్తమా! నాకు వస్తేగా! అయినా బుద్ధిగా తలూపి స్టేజీ దిగా. కింద స్వప్న నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మమ్మీ, యే కౌన్‌సే లెవెల్ కా మ్యూజిక్ హై? మై తో తీస్రే సే ఆగే గయీ హీ నహీ!"

మూడో లెవెల్ దాటని పిల్ల, ఇది ఎన్నో లెవెల్ పాటని అడగదూ మరి! పక్కనే మావారు. ఆయన నా బొడ్లో ఉన్న బీరువా తాళంచెవి వంక చూశారు, నా మొహం వంక చూశారు.

"వోల్టేజీయా?" అన్నారు.

ఇప్పుడు తాళంచెవి ఆయన దగ్గరుంది. స్వప్న హోమ్‌వర్క్ అయ్యాక ఇద్దరికీ కలిపి కాసేపు ఇస్తారు. అది నా నెత్తిమీద నిలబడి "మమ్మీ, జంప్! జంప్ కరో నా!" అని అరుస్తుంది. నేను గెంతుతా, మొసలి మింగుతుంది. నిన్న బజార్లో శాస్త్రిగారు ఎదురై, "సాధన ఎంతవరకూ వచ్చిందమ్మా?" అని అడిగారు. "వంతెన దాకా వచ్చానండీ" అనేశా. ఆయనకేం అర్థమైందో గానీ, "భేష్, భేష్" అన్నారు!

ఉగాది చూస్తే ముంచుకొస్తోంది. పాటలో మిగతా సగం మొసలికి అవతల ఉండిపోయింది. నాకు కంటిమీద కునుకు లేదు.

రాజ్యం వదినా, మీ బంటీ వాళ్ళ మావయ్య ఇంట్లో ఇదే గేమ్ ఉందటగా? వాడు ఆ మొసలిని ఇట్టే దాటేస్తాడట! రేపు వాణ్ణి ఓసారి మా ఇంటికి పంపరూ? తాంబూలం, పళ్ళు సిద్ధంగా పెడతా. వీణ పట్టుకుని బుద్ధిగా పక్కన కూర్చుంటా. గురువుగారు ఎలా ఆడితే అలా నేర్చుకుంటా!