నిమ్మకాయ చితికేదాకా

కింద ఎవరిదో కారుకు ఆయుధపూజ. చక్రాల కింద చితికిన నిమ్మకాయల వాసన మా బాల్కనీ దాకా వచ్చింది. నా చేతులు వాటంతటవే నోటి మీదికి పోయాయి.

మద్రాసులో మా నాయన బస్సు డ్రైవరు. నాకు ఆరేళ్ళప్పుడు బస్సు షెడ్డులో పూజకు పోయాం. అవ్వ నా చెవిలో, "నిమ్మకాయ చితికేదాకా నోరు తెరవబాకు పాపా, అపశకునం" అంది. అందరూ నాయన డ్రైవరు సీట్లో కూర్చున్న వైపు నిలబడ్డారు. నేనొక్కదాన్నే ఎడమ వైపుకు పోయాను. అక్కడ, బస్సు ముందు మూలన, చిన్నాయన గొంతుక్కూర్చుని తన మోటారు సైకిలు చక్రానికి కుంకుమ పెడుతున్నాడు.

బస్సు మెల్లగా కదిలింది. పక్క బస్సుల ఇంజన్ల హోరులో చిన్నాయనకు తెలియలేదు. నాకు అరుపు గొంతు దాకా వచ్చింది. నిమ్మకాయ ఇంకా బస్సు చక్రానికి జానెడు దూరంలో ఉంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాను. చిన్నాయన తలెత్తాడు. నిమ్మకాయ చితికింది. బస్సు తగిలి మోటారు సైకిలు ఆయన కాలి మీద పడింది.

అప్పుడు అరిచాను.

"ఈడనే ఉండావు గదే, చూళ్ళేదా?" అని అవ్వ నన్ను కుదిపేసింది. నేను జవాబు చెప్పేలోపే చిన్నాయన పళ్ళు బిగబట్టి, "పాప చూసుండదులేమ్మా" అన్నాడు.

ఆ మోకాలు మళ్ళీ సరిగా వంగలేదు. ఆయనకు నిజం తెలియదనుకుని చాన్నాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. కానీ ఆ క్షణంలో చిన్నాయన తలెత్తి చూసింది బస్సును కాదు, నోరు మూసుకుని నిలబడిన నన్ను.