కొండకి చెప్పి ఎక్కాలి

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంట్లో ఆ మాట ఎత్తితే అమ్మ మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించేది. ఆ భయానికైనా ఎత్తేదాన్ని కాదు.

నాకు నలభై నాలుగేళ్లు. ధవళేశ్వరంలో ఆఫీసు ఉద్యోగం. కొండలెక్కే పిచ్చి ఈమధ్యే పట్టింది. పాపికొండల వైపు ఒక నిలువు రాతిని ఎక్కబోయి రెండుసార్లు సగంలోనే దిగిపోయాను. ఆఫీసులో “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట” అని ఒకటే వేళాకోళం. మూడోసారి కూడా దిగితే ఇక కొండల జోలికి పోకూడదనుకున్నాను.

నాన్న కోనసీమలో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. ఎక్కేముందు మానుని అరచేత్తో మూడుసార్లు చరిచేవాడు, దిగాక ఒకసారి. “చెట్టుకి చెప్పి ఎక్కాలమ్మా, చెప్పి దిగాలి” అనేవాడు. ఆడపిల్లనని నన్ను మాత్రం ఒక్క చెట్టూ ఎక్కనివ్వలేదు. నాన్న పోయి ఆరేళ్లయినా ఆ కోపం నాకు తీరలేదు.

మూడోసారి పొద్దున్నే మొదలుపెట్టాను. పైనున్న చెట్టు మీదుగా తాడు వేసి, ఒక కొస నా నడుముకి కట్టి, రెండోది పట్టుకుని గైడ్ కిందే నిలబడ్డారు. పైన ఎవరూ లేరు.

అదే చోట మళ్లీ ఇరుక్కుపోయాను. “అది కొబ్బరిచెట్టు కాదండీ, వాటేసుకోకండి. వెనక్కి వాలి చూడండి” అని గైడ్ చెబుతూనే ఉన్నారు. కోనసీమదాన్ని, పట్టుకోవడమంటే నేను చూసింది అదే. దించేయమని చెప్పబోయాను.

అప్పుడు పైన, కుడిపక్క, మూడు దెబ్బలు వినిపించాయి. రాతి చప్పుడు కాదు. మాను మీద అరచెయ్యి పడిన చప్పుడు. ఎవరా అని వెనక్కి వాలి తలెత్తాను. సరిగ్గా అక్కడ చెయ్యి పట్టేంత పగులు ఉంది. పట్టుకున్నాను. కాసేపటికి ఎడమపక్క మళ్లీ మూడు. అక్కడా పట్టు దొరికింది.

పైకి చేరి చూస్తే ఎవరూ లేరు. కింద గోదావరి, చుట్టూ కొండలు, మధ్యలో నేను. “ఎక్కేశాను నాన్నా” అని గొంతు పోయేలా అరిచాను, ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.

దిగాక ఎందుకో రాయిని ఒకసారి చరిచాను.

ఆ దెబ్బలు తమకేవీ వినపడలేదని కిందున్నవాళ్లు అన్నారు. కానీ నా స్నేహితురాలు సత్యవతి ఫోన్లో తీసిన వీడియోలో ఉన్నాయి, రెండుసార్లూ, మూడేసి. చివర్లో నేను రాయిని చరిచిన చప్పుడు. ఆ వెంటనే పైనుంచి ఇంకొకటి, మానుని చరిచినట్టు.

ప్రతిధ్వని అంటారు ఆఫీసులో. రాయిని కొడితే మాను చప్పుడు ఎలా తిరిగొస్తుంది? దయ్యాలను ఇప్పటికీ నమ్మను. నాన్న మీద కోపం మాత్రం పోయింది.

వచ్చే నెల ఇంకా ఎత్తయిన రాయి ఎక్కుతున్నాను. ఈసారి ముందే చెప్పి ఎక్కుతాను.