వార్తల మధ్యలో వీణ

నిన్న ఎఫ్.ఎం.లో ఒకతను దగ్గి, నవ్వేసి, పాట వేశాడు. ఒకప్పుడు ఆ మాత్రం దగ్గుకే మా బజారు మూతపడిందని ఇప్పటివాళ్లకు తెలియదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

కాశిబుగ్గలో మా తాతకు కిరాణా దుకాణం ఉండేది. ఒక ఉదయం రేడియోలో వార్తలు చదువుతున్న ఆవిడకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మాట ఆగి వీణ మొదలైంది. వార్తల వేళ వీణ వినబడితే ఎవరో పెద్ద నాయకుడు పోయినట్టే లెక్క. ఎదురుగా బట్టల దుకాణం కొమురయ్య షట్టర్ దించి, అప్పుడు అడిగాడు.

"ఎవరు పోయిండ్రే రాజన్నా?"

"పేరు జెప్తలేరు. ముందుగాల మూద్దాం," అంటూ తాతా మూశాడు.

పోయింది ఆ దగ్గినావిడే అనుకుని నేను ఏడుపు అందుకున్నాను. రోజూ ఆమె గొంతు వింటూనే జడ వేయించుకునేదాన్ని.

"ఆమెకేం గాలే బిడ్డా, జర తల కదపకు," అంది జడ వేస్తున్న సరోజనత్త.

కాసేపటికి ఆవిడే వచ్చి, అంతరాయానికి మన్నించమని, వానల సంగతి చదివింది.

"పొద్దుగాల బేరం ఖరాబ్ జేసింది," అని గొణుగుతూ కొమురయ్య షట్టర్ ఎత్తాడు.

చదవడం ఆగిపోతే స్టూడియోలో వాద్యసంగీతం వేస్తారని తర్వాత లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. అయినా, ఆమె మళ్లీ మాట్లాడేదాకా బజారంతా పని ఆపి కూర్చుందన్నది అబద్ధమేమీ కాదు.

జ్ఞాపకం సరిచూసిన సరోజనత్తకు, ఆ పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ సదయ్య సార్‌కు, అందరికంటే ముందు షట్టర్ దించిన కొమురయ్యకు కృతజ్ఞతలు.