దొడ్డమ్మ చింపిన చివరి పేజీలు

వేసవి సెలవులు ఇంకా అవకముందే ముదినేపల్లి నుంచి ఫోన్ వచ్చింది. తాడేపల్లిగూడెంలో నేను అప్పుడే కుక్కర్ దించుతున్నాను. "వదినగారండీ, అత్తయ్యగారు వెళ్ళిపోయారండీ. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదండీ" అంది మా తమ్ముడి భార్య. పోయింది మా దొడ్డమ్మ, అంటే మా అమ్మకి అక్క. ఆ తమ్ముడు ఆవిడ కొడుకే. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు అన్నారు అందరూ. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

ఆవిడ గురించి చెప్పాలంటే దయ్యాల దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకండి. వారపత్రికల్లో దయ్యాల సీరియళ్ళు జోరుగా వచ్చే రోజుల్లో దొడ్డమ్మ ఒక్కటీ వదిలేది కాదు. వారం వారం ఆ పేజీలు చింపి దాచి, సీరియల్ అయిపోగానే దబ్బనంతో, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసేది. దేవుడి బొమ్మ పైకి రావాలి. లోపల కొరివిదయ్యం, పైన వెంకటేశ్వరస్వామి. "కాపలాకి ఆయనున్నాడుగా, ధైర్యంగా చదువుకోండి" అనేది. పౌరోహిత్యం చేసే పెదనాన్నగారు ఆ పుస్తకాలు చూసి తల కొట్టుకునేవారు. తర్వాత ఆయనా చదివేవారు.

నా నాలుగో తరగతి సెలవుల్లో నాన్న నన్ను ఆ ఇంట్లో దిగబెట్టారు. ఆ ఏడు చలికాలంలోనే మా అమ్మ పోయింది. చిన్న వయసులో పోయినవాళ్ళు దయ్యాలవుతారని ఏలూరులో మా వీధి పిల్లలు నాతో చెప్పారు. ఆ మాట నేనెవరితోనూ అనలేదు. అమ్మ వస్తుందేమోనని భయం. రాదేమోనని అంతకంటే భయం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దొడ్డమ్మ పెరటి వసారాలో చాప వేసేది. చేపల చెరువుల మీదుగా కొల్లేటి గాలి వచ్చేది, నీచు వాసనతో సహా. నేను పైకి చదవాలి, ఆవిడ ఆవకాయ ముక్కలు తుడుస్తూ వినాలి. అన్ని పుస్తకాలూ ఇంచుమించు ఒక్కచోటే ఆగిపోయేవి. చచ్చిపోయిన ఇల్లాలు తెల్లచీర కట్టుకుని వచ్చి తలుపు కొడుతుంది, మిగతా వచ్చేవారం. ఆ వచ్చేవారం ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు.

"చివరికి ఏమైంది దొడ్డమ్మా?"

"ఏమవుతుందే! తలుపు తీశారు. ఎండన పడి వచ్చావు, కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను అన్నారు. తిని, కాసేపు నడుం వాల్చి వెళ్ళిపోయింది."

ప్రతి దయ్యానికీ అదే ముగింపు. కూర మాత్రం మారేది. ఒకదానికి దోసకాయ పప్పు, ఇంకోదానికి వంకాయ పచ్చిపులుసు. నేను బిక్కమొహం వేస్తే, "ఎవరి దయ్యం వాళ్ళింటికే వస్తుందే, పరాయి ఇంటికి దానికేం పని?" అనేది. సెలవులు అయ్యేసరికి నేను ఆ పెరటి తలుపు పక్కనే ఒక్కదాన్నీ చాప వేసుకుని నిద్రపోయేదాన్ని.

ఈ వేసవి మొదట్లో, దొడ్డమ్మ ఉండగానే, మా అమ్మాయిని తీసుకుని ముదినేపల్లి వెళ్ళి, అటక మీది పెట్టె దింపించి, ఆ పుస్తకాలన్నీ మళ్ళీ చదివాను. పేజీలు అప్పడాల్లా విరిగాయి. ఒకప్పుడు నాకు చెమటలు పట్టించిన చోట్ల ఇప్పుడు నవ్వొచ్చింది. మంత్రగాడు పేజీకొక నిమ్మకాయ కోస్తాడు. ఆ లెక్కన ఏలూరు మార్కెట్లో నిమ్మకాయలు మిగిలేవే కావు. అయితే చదువుతుంటే ఒకటి కనబడింది. ప్రతి పుస్తకం చివరా కుట్టు వదులుగా ఉంది, దారంలో చింపిన కాగితాల అంచులు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. అంటే ముగింపులు ఉండేవన్నమాట.

దొడ్డమ్మకి అప్పటికే చెవులు సరిగా వినబడవు, గట్టిగా అడగాల్సి వచ్చింది.

"చింపింది నేనేనే. నువ్వొస్తున్నావని మీ నాన్న కబురు పెట్టగానే నీళ్ళపొయ్యిలో పెట్టేశాను."

"ఎందుకు దొడ్డమ్మా?"

"అన్నిట్లోనూ చివరికి అంతేగా. ఆ ఆడదాన్ని మంత్రాలేసి తరిమి, సీసాలో బిగించి, నీళ్ళలో పారేస్తారు. తల్లి పోయిన పిల్లవి, అది చదవాలా నువ్వు?" ఊడిన కుట్టు వేలితో సర్దింది. "అయినా నా చెల్లెలొచ్చి తలుపు కొడితే నేను నిమ్మకాయ కోస్తానటే?"

అమ్మ కోసం ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆ వేసవంతా నా పక్కనే కూర్చుని ఆవిడ కూడా ఆ తలుపు వైపే చూస్తూ ఉండేదని ఇన్నేళ్ళకి తెలిసింది. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను. "సరేలే, కాఫీ తాగుదాం" అంది.

మేం గూడెం తిరిగొచ్చిన కొన్నాళ్ళకే ఆ ఫోన్ వచ్చింది.

కర్మలన్నీ అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం పెరటి వసారాలోనే చాప వేసుకున్నాం. మా అమ్మాయి ఒళ్ళో వెంకటేశ్వరస్వామి అట్ట పుస్తకం ఉంది. పైకి చదువుతోంది, సరిగ్గా ఆ ఇల్లాలు వచ్చే చోటికి వచ్చింది. గాలికి పెరటి తలుపు ధడాలున కొట్టుకుంది. పిల్ల ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. "ఎవరమ్మా?"

"గాలండీ, గొళ్ళెం పెట్టేస్తానుండండి" అంటూ తమ్ముడి భార్య లేవబోయింది.

"ఉండమ్మా" అని నేనే లేచాను. తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, కాళ్ళు కడుక్కోవడానికి గుమ్మం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టాను.