నేను జిల్దు కట్టించిన మాయల నవల

ఒక నవలను మూడుసార్లు మొదలుపెట్టి వదిలేసి, నాలుగోసారి కొస దాకా చదివి, ఆ కొసతోనే మా బజారు ఆడవాళ్ళందరి ముందు పరువు పోగొట్టుకున్న వైనం ఇది. ఘోరం జరిగిందని ముందే చెబుతున్నాను. నవ్వితే నవ్వండి, మధ్యలో మాత్రం లేచి వెళ్ళకండి. మధ్యలో లేచేవాళ్ళను నేను నమ్మను.

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఏడు అది. నేను పెళ్ళయి బీదరుకు వచ్చి అప్పటికి ఏడు నెలలు. తారీఖుతో సహా చెప్పగలను గానీ, చెబితే నా వయసు లెక్క కడతారు. మా అత్తగారిది పప్పుల దుకాణం. మధ్యాహ్నం వంటింటి పనులయ్యాక బజారు ఆడవాళ్ళు మా ఇంట్లో చేరి కందిపప్పులో రాళ్ళు ఏరేవాళ్ళు. ఒక్కరు మాత్రం కిటికీ పక్కన పీట మీద కూర్చుని కథ చదివి వినిపించేవారు. చదివే మనిషి చాట ముట్టనక్కర్లేదు. ఆ పీట మా ఆయన అక్క కమల వదినది. ఆవిడ భాల్కికి కాపురానికి వెళ్ళినప్పటి నుంచి అది ఖాళీగా ఉంది. నా కన్ను దాని మీద పడింది.

చదవడం నాకు అప్పగించమని అత్తమ్మను అడిగాను. ఆవిడ పప్పులో రాయిని చూసినట్టు చూసింది నన్ను.

"నీకు సబర్ ఉన్నదా, గంత ఓపిక? కమల హైద్రాబాద్‌ల మేనమామ ఇంట్ల చదివేటప్పుడు వారం వారం పత్రికలకెల్లి తీసి దాచుకున్న మాయల నవల ఉన్నది, మూటెడు. గది పూరా చదివి, ఉగాదికి కమల వచ్చినప్పుడు ఆమె ముంగటనే కత చెప్పు. చెప్తివా, పీట నీది. లేకుంటే ఎల్లిపాయలు ఒలుచుకుంట కూసో."

అందరూ మెచ్చుకునే పాత నవల. పేరు చెప్పను, ఆ రచయిత వారసులకు నా మీద కోపం రావచ్చు.

ఆ రోజుల్లో నేను అనుమానాల పుట్టను. పాలు పోసే ఆమె చెంబు అడుగున కూడా చెయ్యి పెట్టి చూసేదాన్ని. మూట విప్పగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇందులోంచి ఎవరైనా ఒక వారం భాగం కాజేస్తే ఎలా అని. వెంటనే ఒక్కో వారం మీద పై మూలన పెన్సిలుతో అంకె వేశాను. అంతటితో ఆగానా? పుస్తకంగా కట్టిస్తే ఎవరూ లాగలేరని, జిల్దు కట్టే చాచా దగ్గరికి బయలుదేరాను. కొత్త కోడలు ఒక్కతే బజారుకు వెళ్ళకూడదు కనక అత్తమ్మ కూడా వచ్చింది.

చాచాకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఆయన కట్టేవన్నీ ఉర్దూ పుస్తకాలే. అద్దాల బీరువాలో ఎర్ర అట్టలతో, బంగారు గీతలతో, పెళ్ళికొడుకుల్లా నిలబడి ఉన్నాయి. చాచా నా మూటను అటూ ఇటూ తిప్పి, "మొదలు ఎటు దిక్కు రావాలె బేటీ?" అని అడిగాడు.

ఇదేం ప్రశ్న? నా తెలివిని పరీక్షిస్తున్నాడా, పని ఎగ్గొట్టడానికి సాకు వెతుకుతున్నాడా? బీరువా వైపు వేలు చూపించి, "గవి ఎట్ల కట్టినవో అచ్చం గట్లనే కట్టు చాచా. అంచులు ఒక్క తీరుగ కొయ్యి, జర్రంత కూడ ఎచ్చుతగ్గు ఉండొద్దు" అన్నాను. అత్తమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

పుస్తకం వచ్చింది. ముందు వారాలు లెక్కపెట్టాను, సరిపోయాయి. అయినా మనసు ఊరుకోక దుకాణానికి తీసుకెళ్ళి తక్కెడలో వేయించాను. ఇచ్చేముందు తూయించిన బరువుకు అట్టల బరువు కలిపి చూస్తే కొంచెం తగ్గింది. "అంచులు కోసిన తరుగమ్మా" అని మామయ్య నచ్చజెప్పారు. నేను పూర్తిగా నమ్మలేదు.

ఇక చదువు మొదలైంది. మొదటి పుటలోనే మాంత్రికుడి తల తెగి పడింది. వెంటనే వీరుడికి పట్టాభిషేకం, పెళ్ళి. ఈ రచయితకు ఇంత తొందరేమిటని విసుగొచ్చి మూసేశాను. రెండోసారి ఇంకాస్త ముందుకు వెళితే, తల తెగిన మాంత్రికుడు కోటలో కూర్చుని నవ్వుతున్నాడు. వీడు చావకుండా మోసం చేశాడని మళ్ళీ మూసేశాను. మూడోసారి సముద్రంలో మునిగి చచ్చిన వీరుడి స్నేహితుడు, తర్వాతి వారంలో సత్రంలో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. తోక తెగిన గుర్రానికి తోక మొలిచింది. ఈ నవలలో ఎవరి మాటా నమ్మడానికి లేదని అర్థమై, పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద పడేసి ఎల్లిపాయల బుట్ట ముందేసుకున్నాను.

ఉగాది దగ్గరపడింది. కమల వదిన వస్తున్నట్టు కబురొచ్చింది. ఎల్లిపాయల వాసన నా చేతుల నుంచి చీరలకు, చీరల నుంచి నిద్రలోకి పాకింది. నాలుగోసారి పళ్ళు బిగించి కూర్చున్నాను. మాయల నవల కదా, చచ్చినవాళ్ళు లేవడమే ఇందులో మాయ అని తీర్మానించుకున్నాక దారి సులువైంది. గడ్డం ఉన్న రాజు గడ్డం లేని యువకుడయ్యాడు. యువకుడు మేకలు కాసే పిల్లవాడయ్యాడు. చిట్టచివరి పుటలో ఒక కుమ్మరామె ఒడిలో పసిబిడ్డగా నిద్రపోయాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎంత వేదాంతం! రాజ్యాన్ని, యవ్వనాన్ని వదిలి మనిషి మళ్ళీ తల్లి ఒడికి చేరాడు. ఇది అర్థం కాకనే లోకం దీన్ని పిల్లల కథ అంటోందని లోకం మీద జాలిపడ్డాను.

ఉగాది మర్నాడు అందరూ చాటలతో చేరారు. నేను పీట మీద కూర్చుని, పట్టాభిషేకం నుంచి పసిబిడ్డ దాకా గొంతు వణికిస్తూ చెప్పాను. ముసలి రాజవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కమల వదిన మాత్రం మొదట కొంగు నోట్లో కుక్కుకుంది, తర్వాత గోడకు ఆనుకుంది, చివరికి చాట పక్కన పెట్టి పొట్ట పట్టుకుంది.

"గా పిలగాడు పుట్టుడే మొదలు. నువ్వు ఆఖర్న పుట్టిస్తివేందే సుశీలా?" అని పుస్తకం లాక్కుని వెనక అట్ట తెరిచింది. "ఇగో, మొదటి వారం ఈడున్నది. వారాలన్ని ఉల్టా ఉన్నయి."

నా తల గిర్రున తిరిగింది. తిరిగిన తల నేరుగా అనుమానం దగ్గరే ఆగింది.

"కాగితాలు మీయి, పీట మీది" అన్నాను. "పీట నాకొస్తదని మీరే తారుమారు చేసిపోయిండ్రు వదినె."

చాటల చప్పుడు ఆగిపోయింది. కమల వదిన నవ్వూ ఆగిపోయింది. "పుట్టింటికి పండుగకు వస్తే దొంగను చేస్తివా?" అని మెల్లగా అని, బట్టల సంచీ కోసం లోపలికి చూసింది. పీట సంగతి అటుంచి, ఇంటి ఆడపిల్లను పండగపూట ఏడిపించి పంపే కోడలిగా నా పేరు బజారంతా మోగబోతోందని అప్పుడు తెలిసింది.

అత్తమ్మ చాట దించకుండానే అడిగింది. "జిల్దు కట్టించింది ఎవరే?"

"నేనే."

"మొదలు ఎటు దిక్కు అని చాచా అడగలే? నువ్వేం జవాబిచ్చినవ్?"

నాకు అద్దాల బీరువా కళ్ళ ముందు నిలబడింది. ఉర్దూ పుస్తకం మనం వెనక అట్ట అనుకునే వైపు నుంచి మొదలవుతుంది. చాచా నా మాట జవదాటకుండా మొదటి వారాన్ని ఆ వైపు పెట్టి, మిగతావి దాని వెంట పేర్చాడు. ఒక్కో వారం మడతపెట్టిన కాగితం కనక లోపలి పుటలు సవ్యంగానే నడిచాయి, వారాలు మాత్రం వెనక్కి నడిచాయి. పత్రిక వేసిన అంకెలూ, నేను వేసిన అంకెలూ నేను కోయించిన అంచులతోనే చాచా చెత్తబుట్టలోకి పోయాయి. తక్కెడలో తగ్గిన బరువు అదే.

"గవి ఎట్ల కట్టినవో అచ్చం గట్లనే అన్న" అని నేలను చూస్తూ చెప్పాను. లేచి వెళ్ళి వదిన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మాఫ్ చెయ్యండి వదినె. అంత నేనే చేసిన."

అప్పుడు రాజవ్వ, భర్త పోయి చాలా ఏళ్ళయిన మనిషి, పప్పు వైపే చూస్తూ అంది. "నాకైతే సుశీల చెప్పిందే మంచిగున్నది. పోయినోళ్ళందరు మళ్ళొస్తుండ్రు."

ముందు కమల వదినకే నవ్వొచ్చింది. ఆమె నవ్వాక ఇల్లంతా నవ్వింది. సంచీ లోపలే ఉండిపోయింది. ఉగాది వెళ్ళినా వదిన ఇంకో వారం ఉండి, అదే నవలను మొదటి నుంచి చదివి వినిపించింది. ఎవరైనా చచ్చినప్పుడల్లా రాజవ్వ నా వైపు తిరిగి, "వీడు మళ్ళెప్పుడొస్తడు?" అని అడిగేది.

వదిన వెళ్ళేటప్పుడు పీట నాకే ఇమ్మని చెప్పింది. అత్తమ్మ ఇచ్చింది. దానితోపాటు ఎల్లిపాయల బుట్ట కూడా నా ఒళ్ళో పెట్టి, ఇట్లాంటి చేతులు ఖాళీగా ఉండొద్దన్నది.

ఆ బుట్ట సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. ఎవరినైనా అనుమానించే ముందు నన్ను నేను అనుమానించుకుంటాను. ఏ పుస్తకమైనా రెండు అట్టలూ తెరిచి చూడనిదే ఒక్క అక్షరం చదవను. ఒట్టు ఇవాళ్టికీ తప్పలేదు. అయినా ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు దీన్ని మొదటి నుంచే చదువుకొచ్చారా?