ఎటూ తేలని పొట్టేలు

ఆ రోజుల్లో కథ గురించి నాకు తెలియని విషయమంటూ లేదు. మార్కాపురంలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. కథకు ఏమేం కావాలో మా తెలుగు సారు బోర్డు మీద రాశారు. పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ, ముగింపు. పప్పులోకి ఏమేం వెయ్యాలో చెప్పినంత తేలిగ్గా చెప్పేసరికి, ఇంతేనా, ఇక రాయడమే ఆలస్యం అనుకున్నాను. (రాయలేదు, అనుకున్నానంతే.) అంత ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

మా అవ్వకు ఇవేవీ తెలియవు. ఆమె మా వీధి చివర ఖాలా నడిపే పలకల షెడ్డులో పనిచేసేది. (ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మాకు చుట్టం కాదు, వీధంతా ఆమెను అలాగే పిలిచేది.) అక్కడ పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని పలకలకు చెక్క ఫ్రేములు బిగించి పెట్టెల్లో సర్దేవాళ్లు. అవ్వ పని చేస్తూనే కథ చెప్పేది. ఒక ముక్క చెప్పి ఆగేది. అందరూ "ఊ" అనేవాళ్లు. ఆ "ఊ"తో పాటే సుత్తులన్నీ ఒక్కసారి పడేవి. కథ నడిచినంతసేపూ పని నడిచేది. అందుకే ఖాలా షెడ్డుకు రేడియో కొనలేదు.

బడులు తెరవబోయే ముందు ఒకరోజు అవ్వ గొంతు పూర్తిగా పోయింది. సరిగ్గా ఆ సాయంత్రమే ఐదింటికి లారీ రావాలి. అప్పటికి ఇరవై పెట్టెలు సిద్ధంగా లేకపోతే ఇకమీదట ఇంకో షెడ్డులో పలకలు తీసుకుంటానని వ్యాపారి ఖండితంగా చెప్పేశాడు. ఖాలాకు ఆ షెడ్డే ఆధారం. పొద్దున్నే మా ఇంటికొచ్చి, "మీ అవ్వ లేకుంటే వాళ్ల చేతులు ఆడవు బేటీ, నేనేం జేసేది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేను చెప్తా ఖాలా. మా సారు అంతా నేర్పించినాడు," అన్నాను. మెడకు గుడ్డ చుట్టుకుని పడుకున్న అవ్వ నన్ను అదోలా చూసింది.

ముందు స్థలం కదా అని నల్లమల కొండలతో మొదలుపెట్టాను. కొండల మీద మబ్బులు, మబ్బుల కింద చెట్లు, చెట్లలో గాలి. "ఊ" అనడానికి ఎక్కడా సందివ్వలేదు. ఎత్తిన సుత్తులు ఎత్తినట్టే ఉండిపోయాయి. "అదంతా సరే, ఏ ఊరు?" అంది మేకలత్త. (ఇంటినిండా మేకలూ గొర్రెలే కాబట్టి ఆమెకు ఆ పేరు.) నోటికొచ్చినట్టు "పెద్దారవీడు" అన్నాను.

"మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే! ఏ ఈది?"

ఇక వీధీ, ఇల్లూ, ఇంటిముందు వేపచెట్టూ అక్కడికక్కడే కట్టక తప్పలేదు. గబగబా పాత్రల్లోకి వచ్చేశాను. పెద్దారవీడులో ఒకామె పొట్టేలు పిల్ల కొండమేతకు పోయి తప్పిపోయింది. పక్కూరామె దాన్ని చేరదీసి, పాలుపట్టి, రెండేళ్లు పెంచింది. ఇప్పుడు ఇద్దరూ నాదంటే నాదంటున్నారు. ఇదీ సంఘర్షణ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"పెంచినామెదే," అంది ఒకామె. "అట్లెట్ల? ఈనింది వాళ్ల గొర్రె గదా!" అంది మేకలత్త. షెడ్డు రెండు పక్షాలయింది. మేకలత్త మళ్లీ నా వైపు తిరిగి, "ఎవురి గొర్రో తెలిసేటట్టు చెవికి గాటు పెట్టింటారు గదా, అది చూసుకోక కొట్లాడతారేంది?" అంది. (సారు బోర్డు మీద గొర్రె చెవి ఊసే లేదు.) గాటు పెట్టకముందే తప్పిపోయిందని చెప్పి బయటపడ్డాను. దాంతో గొడవ ఇంకా ముదిరింది. అందరూ సుత్తులు పక్కన పడేసి చేతులు తిప్పుతూ వాదించుకుంటున్నారు. ఖాలా కూడా లారీ సంగతి మరిచి పెంచినామె వైపు చేరిపోయింది. మధ్యాహ్నం మూడైంది, నిండింది పదకొండు పెట్టెలే. ఖాలా బతుకు నా చేతులారా చెడగొట్టానని నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడొచ్చింది అవ్వ. గుమ్మంలో నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకుని, మేకలత్త చెవిలో ఏదో చెప్పింది. మేకలత్త షెడ్డంతా వినబడేలా అరిచింది. "పొట్టేలు ఎవురిదో ఇరవయ్యో పెట్టెకు మేకు కొట్టినాకనే చెప్తాదంట!"

సుత్తులు లేచాయి. అవ్వ నా పక్కన కూర్చుని, నేను ఒక్క మాట చెప్పగానే నా మోకాలు నొక్కి ఆపేది. "ఊ." టక్. మళ్లీ ఇంకో మాట. "ఊ." టక్. కథను ఎంత చెప్పాలో కాదు, ఎక్కడ ఆపాలో అవ్వకు తెలుసని అప్పుడర్థమైంది. లారీ హారను వినబడేసరికి ఇరవయ్యో పెట్టె మూత పడింది. ఖాలా నా బుగ్గలు పుణికింది. పదిమందీ నా వైపు తిరిగారు. "ఇంక చెప్పు, ఎవురిది?"

నాకు తెలిస్తే కదా! ముగింపు అనే మాటను నోట్సులో రాసుకున్నానే గానీ, ఒకటి ఆలోచించి పెట్టుకోలేదు. "రేపు చెప్తా," అని, పెట్టెలు ఎక్కించే హడావిడిలో జారుకున్నాను. మర్నాడు నా గొంతు కూడా పోయింది. (నిజంగా కాదు.)

ఇప్పుడు నేను నిజంగానే కథలు రాస్తున్నాను. అవ్వ లేదు, షెడ్డు ఎప్పుడో మూతపడింది. ఒక వాక్యం రాసి, ఎవరైనా "ఊ" అంటారేమోనని ఆగే అలవాటు మాత్రం పోలేదు. ఎవరూ అనరు. అలా ఆగినప్పుడల్లా అవ్వ మీద బెంగగా ఉంటుంది.

మొన్న మార్కాపురం బస్టాండులో ఖాలా కనబడింది. బాగా ముసలిదైపోయింది. బాగున్నావా, పిల్లలెంతమంది అని అడుగుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "ఇంతకీ ఆ పొట్టేలు ఎవురికి పోయింది బేటీ?" అంది.

"రేపు చెప్తా ఖాలా," అన్నాను.

"ఊ," అంది ఖాలా.