మధువుకీ మెదుకీ వరస

ఆ రోజుల్లో నాకు తెలిసిందంతా గడగడా చెప్పేస్తే చాలు, ఎదుటివాళ్లు ఒప్పేసుకుంటారని నాకో గట్టి నమ్మకం ఉండేది. పాతికేళ్ల వయసు, అమెరికాలోని షామ్‌బర్గ్‌లో కొత్త ఉద్యోగం, అమ్మా నేనూ ఒకే అపార్ట్‌మెంట్. యూనివర్సిటీలో స్లావిక్ భాషల చరిత్ర చదివే ఓ పోలిష్ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని చెబితే అమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "మనకీ వాళ్లకీ ఏం పొత్తురా?" అంది, అంతే. ఆ పొత్తేదో చూపించి తీరాలని నడుం బిగించాను.

శనివారం ఆ అమ్మాయిని లంచ్‌కి పిలిచాం. వస్తూ వస్తూ తేనె సీసా పట్టుకొచ్చింది. నాకింకేం కావాలి! అమ్మ పప్పు వడ్డిస్తుండగానే అందుకున్నాను. "అమ్మా, తేనెని వీళ్లు మ్యూద్ అంటారు, రష్యన్లు మ్యోద్, చెక్ వాళ్లు మెద్. అన్నీ 'మెదు' అనే పాత స్లావిక్ మాట పిల్లలే. ఆ మెదూ, మన సంస్కృతం మధువూ సొంత అక్కచెల్లెళ్లు! ఇంకా పొత్తు లేదంటావా?" (ఈ ముక్కలన్నీ ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నవే. అరువు తెలివికి అంత గొంతెలా లేచిందో!)

అమ్మ గరిటె నాకేసి చూపించింది. "అక్కచెల్లెళ్ల పిల్లలంటే మీరిద్దరూ అన్నాచెల్లెళ్లవుతార్రా. ఇంక పెళ్లెలా కుదురుతుంది?"

కొత్తవాళ్లు గడప తొక్కితే మంచినీళ్లకన్నా ముందు వరస కలిపే ఇంట్లో పుట్టి, పోయి పోయి అక్కచెల్లెళ్లన్నానే! చచ్చాన్రా బాబూ అనుకుంటూ ఆ అమ్మాయికి సంగతి ఇంగ్లీషులో చెప్పాను. పకపకా నవ్వి, అమ్మ వైపు తిరిగింది. (అక్కణ్ణించి మాటలన్నీ ఇంగ్లీషులోనే.)

"ఆంటీ, ఆ మెదుని ఎవరూ రాసిపెట్టలేదు. పిల్లల పోలికలు చూసి, పెద్దది ఇలా ఉండుంటుందని మేం ఊహించుకున్నాం. అందుకే దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతాం."

"అయితే ఎవరూ చూడలేదా?"

"లేదాంటీ."

"మరి ఆడో మగో ఎవరికి తెలుసు? మెదూ మధువూ అన్నాచెల్లెళ్లే అయ్యుండొచ్చు. అప్పుడు మీరు బావామరదళ్లు" అని అమ్మ ఆ పిల్ల కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.

భాషాశాస్త్రంతో అమ్మని గెలిచేశానని చాలా ఏళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. కాదనాలనుకుంటే ఆవిడకి మేమిద్దరం అన్నాచెల్లెళ్లమన్న ఆ వరసొక్కటే చాలు. అడ్డం తనే పెట్టి, దారీ తనే వెతికింది. ఆ పూట అమ్మ ఒప్పుకున్నది ఆ పిల్లని చూసే గానీ, నా ఉపన్యాసం విని కాదని పెళ్లయిన ఎన్నాళ్లకో తట్టింది. పాపం పిచ్చి సన్నాసి, ఎంత గొంతు చించుకున్నాడో!